ఒక సెట్టు ఎక్కువ

ఆయన్ని మొదటి రెండేళ్లూ ఏదో ఆఫీసులో గుమస్తా అనుకున్నాను. చేతిలో రెగ్జిన్ సంచి, జేబులో రెండు పెన్నులు, నూనె రాసి దువ్విన జుట్టు. టెక్కలిలో ఆఫీసులుండే వీధిలో నాకొక జెరాక్సు షాపు ఉంది. ఆ వీధిలో తిరిగే మగవాళ్లలో సగంమంది అలాగే ఉంటారు. ఆయన వచ్చి బల్ల మీద కూర్చునేవాడు. కాపీలు తీయించుకుని, ఎండ తగ్గేదాకా పేపరు చదువుకుని, నన్ను రెండు మాటలు పలకరించి వెళ్లిపోయేవాడు. ‘చెల్లెమ్మా’ అని పిలిచేవాడు. మా ఆయన పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పొద్దున్న రైలుకి వెళ్తే సాయంత్రం గాని రాడు. పగలంతా షాపులో నేనొక్కదాన్నే కాబట్టి అలా పెద్దమనిషి తరహా మనిషి ఒకరు వచ్చి కూర్చుంటే నాకు ధైర్యంగానే ఉండేది.

ఒకసారి రోడ్డు మీదికి వచ్చిన షాపుల రేకులు పీకేస్తున్నారు. నా ముందు రేకు కూడా పోవాల్సిందే. కొలతలు వేసి గీత గీసేశారు. ఆయన ఎక్కణ్ణుంచి వచ్చాడో వచ్చి, ఆ పని చేయిస్తున్న మనిషిని పక్కకి తీసుకెళ్లి ఏదో చెప్పాడు. అటూ ఇటూ అందరి రేకులూ పోయాయి, నాది మిగిలింది. పక్కనే ఫ్యాన్సీ షాపు పెట్టుకున్న ఆవిడ ఒళ్లు మండి అంది:

“నీకేటమ్మా, డిపార్టుమెంటు అండ ఉంది.”

“ఏ డిపార్టుమెంటు?”

“తెలీనట్టు అడుగుతావేటి? ఆయన పోలీసోడు కాదేటి. డ్రెస్సు ఎయ్యకుండా తిరుగుతాడు.”

మర్నాడు ఆయన రాగానే అడిగేశాను. ఆయన దాచలేదు. “పోలీసునే. కానీ ఎవరినీ పట్టుకోను, కొట్టను. వింటాను, రాస్తాను. అంతే నా డ్యూటీ” అన్నాడు. ఏ విభాగం అని అడిగితే, “ఆ పేర్లన్నీ నీకెందుకులే చెల్లెమ్మా, మాకే సరిగ్గా గుర్తుండవు” అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఎన్నడూ ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. ఈ రోజుకీ ఆయన ఎవరికి రాసేవాడో నాకు తెలియదు.

ఉద్దానం తీరంలో ఒక కంపెనీకి భూములు తీసుకుంటారన్న మాట అప్పుడప్పుడే పుట్టింది. సంతబొమ్మాళి వైపు నుంచి జీడితోటల వాళ్లు, కొబ్బరితోటల వాళ్లు, చేపల వేటకెళ్లే పల్లెలవాళ్లు అర్జీలు టైపు చేయించుకోడానికి నా దగ్గరికే వచ్చేవారు. కరపత్రాలు తీయించుకునేవారు. ఆయన మొదట అడిగింది ఆ కరపత్రాల్లో ఒకటి.

“ఒకటి ఇటివ్వు చెల్లెమ్మా. ఎలాగూ పంచేదే కదా.”

నిజమే, పంచేదే. ఇచ్చాను. తర్వాత అర్జీ అడిగాడు. “ఎలాగూ రేపు ఆఫీసులో ఇచ్చేదే కదా, ఒక రోజు ముందు చూస్తాను.” అదీ నిజమే. ఆ తర్వాత అర్జీ వెనక సంతకాల జాబితా. అదీ అర్జీలో భాగమే కదా అనుకున్నాను. ఆ తర్వాత ఎవరెవరు కలిసి వచ్చారు, ఆటోలో వచ్చారా, బస్సులో వచ్చారా, పక్క జిల్లా మనుషులెవరైనా ఉన్నారా అని మాటల్లో మాటగా అడిగేవాడు. నేనూ మాటల్లో మాటగానే చెప్పేదాన్ని. ఏ మెట్టు దగ్గరా ‘ఇది వద్దు’ అనిపించలేదు. ప్రతి మెట్టూ కిందటి మెట్టుకి బాగా దగ్గరగా ఉండేది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. కొన్నాళ్లకి ఆయన అడగడం మానేశాడు, ఎందుకంటే అడక్కుండానే నేను తీసిపెట్టేదాన్ని. తీరం మనిషి కాగితం పట్టుకొస్తే నా వేలు మిషను మీద ఒకటి ఎక్కువే నొక్కేది. ఐదు సెట్లంటే ఆరు, ఒకటంటే రెండు. ఆ ఎక్కువ సెట్టు లామినేషన్ మిషను కింద ఉన్న ఒక నీలం ఫైల్లో పెట్టేదాన్ని. ఆయన నన్ను భయపెట్టలేదు. ఏమీ ఇవ్వనూ లేదు. నా మాట ఒకటి ఎక్కడో పెద్ద ఆఫీసులో లెక్కలోకి వస్తోందంటే నాకు బాగుండేది. అంతకు ముందు నా మాట ఎవరికీ లెక్కలేదు.

ఒక మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు సరదాగా అడిగాను. “అయితే మీరు కథల్లో వేగులవాళ్ల లాంటివారా?”

ఆయన సరదాగా తీసుకోలేదు. పేపరు మడిచి పక్కన పెట్టాడు. “కాదు. వేగు అంటే శత్రువు ఇంట్లో దూరేవాడు. ఇది మన ఊరు, వీళ్లు మన జనం. రేపు కొట్లాటై ఎవరి తలో పగలకుండా ముందుగా తెలుసుకోవడం మాది. నీ ఇంట్లో పిల్లాడికి జ్వరం వస్తుందేమోనని నుదురు ముట్టుకు చూడవూ? అలాగన్నమాట.”

“మరి చాటుగా ఎందుకు?”

“చెప్పి వింటే ఎవరైనా నిజం మాట్లాడతారా?”

ఆ జవాబు నాకు చాలా తెలివైనదిగా తోచింది. ఆ సాయంత్రం మా ఆయనకి కూడా చెప్పాను. మా ఆయన అన్నం కలుపుకుంటూ, “జ్వరం సూసినోడు మందిత్తాడు. మరి ఈయనేటి ఇత్తన్నాడు?” అన్నాడు. మా ఆయనకి పోలీసులంటే పడదులే అనుకున్నాను.

తీరం నుంచి వచ్చేవాళ్లలో ఒకామె ఉండేది. యాభై దాటి ఉంటాయి. భర్త సముద్రంలో పోయాడు, కొడుకు చెన్నైలో బోటు మీద పని చేస్తున్నాడు. టెక్కలి సంతలో ఎండుచేపలు అమ్మేది. మా వైపు పెద్దక్కని ‘అప్ప’ అంటాం. ఆమెను చిన్నా పెద్దా అందరూ అప్పా అనే పిలిచేవారు, నేనూ అంతే. భూముల్లో కొలతల రాళ్లు పాతడానికి మనుషులొచ్చిన రోజున అడ్డంగా ఇసకలో కూర్చున్న ఆడవాళ్లకి ముందు కూర్చున్నది ఆమే. చదువు రాదు. కానీ అర్జీ టైపు చేశాక నా పక్కన నిలబడి ప్రతి ముక్కా చదివించుకునేది.

“సదువు. ఊఁ. ఇంకోపాలి సదువు. ఆ ‘మనవి సేసుకుంటున్నాము’ ఎందుకు? మేం అడుగుతన్నాం. అడుగుతన్నాం అని రాయి.”

ఆమె వస్తే నాకు ఇష్టంగా ఉండేది. ఉప్పు వాసన, చేపల వాసన వేసేది. షాపులో వేరేవాళ్లు ముక్కు మూసుకుంటే ఆమె వాళ్లవైపు చూసి, “తిన్నప్పుడు బాగుంతాదేటి?” అనేది. అందరం నవ్వేవాళ్లం. ఆమె అర్జీలన్నిటి ఎక్కువ సెట్లూ ఆ నీలం ఫైలు గుండా వెళ్లాయి.

ఒక రోజు ఆమె ఒక్కత్తే వచ్చింది. ఎప్పుడూ వెంట నలుగురు ఆడవాళ్లుంటారు, ఆ రోజు లేరు. షాపు ఖాళీ అయ్యేదాకా బయట నిలబడి, లోపలికొచ్చి, నడుము దగ్గర దోపుకున్న ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో ఆస్పత్రి కాగితాలు.

“పింఛనుకి అడుగుతన్నారు. ఒక్కొక్కటి తీయి. సెల్లీ, ఇది ఎవులికీ సెప్పకు.”

ఉద్దానం పక్కన పుట్టినవాళ్లకి ఆ రిపోర్టు చదవడం ఒకరు నేర్పక్కర్లేదు. మా వైపు ఇంటికొకరైనా ఆ కిడ్నీ జబ్బు మాట విన్నవారే. క్రియాటినిన్ పక్కనున్న అంకె చూసి తలెత్తి ఆమె మొహం చూశాను.

“ఇంట్లో చెప్పలేదా అప్పా?”

“కొడుక్కి సెప్తే బోటు ఒగ్గేసి వచ్చీత్తాడు, నన్ను ఇంట్లో కూకోబెడతాడు. ఊర్లో సెప్తే, సచ్చీదాని ఎనకాల ఎవులు నడుత్తారు అంటారు. కొన్నాల్లు పోనీ. రాళ్ల సంగతి తేలనీ.”

కాగితం గ్లాసు మీద పెట్టాను. మూత వేశాను. వేలు రెండు నొక్కింది.

అలవాటుగానే నొక్కింది. మొదటిది ఆమెకిచ్చాను. రెండోది ట్రేలో బోర్లా పడి ఉంది, వేడిగా. ఆమె వెళ్లాక దాన్ని చింపేసి ఉండొచ్చు. చెత్తబుట్ట నా కాలి దగ్గరే ఉంది. ఈమెకి బాగోలేదని తెలిస్తే వాళ్లు కాస్త జాలిగా ఉంటారేమో అనుకుని ఫైల్లో పెట్టానని తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. అప్పుడు ఏమీ అనుకోలేదు. తీరం కాగితం ఆ ఫైల్లోకే వెళ్తుంది కాబట్టి పెట్టాను. అది ఇంకా ఘోరం.

రెండు రోజుల తర్వాత ఆయన వచ్చి ఫైలు చూసుకున్నాడు. ఆ కాగితం దగ్గర కాసేపు ఆగాడు. “అయ్యో పాపం” అన్నాడు. సంచిలో పెట్టుకున్నాడు.

తర్వాత పది, పదిహేను రోజులు అప్ప కనబడలేదు. సంతలో ఆమె కూర్చునే చోట ఎవరో వేరే ఆమె కూర్చుంది. ఒక సోమవారం పొద్దున్నే, షట్టరు ఎత్తుతుండగా వచ్చింది. కళ్ల కింద ఉబ్బు. కాళ్ల దగ్గర చీర కాస్త పైకి కట్టుకుంది, పాదాలు నీరు పట్టి ఉన్నాయి.

“ఒక కంప్లయింటు రాయాల” అంది.

కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. గ్లాసులో సగమే తాగింది. నీళ్లకి డాక్టరు కొలత పెట్టి ఉంటాడు. అప్పుడు చెప్పింది. కంపెనీ తరఫున మాట్లాడ్డానికి ఒక పెద్దమనిషి పల్లెకి వచ్చాడట. వలలు బాగుచేసుకునే పాక కింద అందరినీ కూర్చోబెట్టి, ఆపిల్ పళ్ల బుట్ట ఒకటి ఆమె ముందు పెట్టించాడట. ‘అమ్మకి కిడ్నీలు బాగోలేదని తెలిసి చాలా బాధపడ్డాం. విశాఖపట్నంలో పెద్దాస్పత్రిలో మొత్తం మేమే చూపిస్తాం, కారు పంపిస్తాం’ అన్నాడట.

“ఎంత మంచోడి లాగ సెప్పినాడంటే, నాకే ఒక్క నిమిసం నమ్మబుద్దేసింది. మరి మావోల్లు? నా మొకం ఒకపాలి, ఆపిల్ పల్లు ఒకపాలి సూసినారు. నా జబ్బు మా ఇంట్లో తెల్దు. ఊర్లో తెల్దు. ఆడికెలా తెలిసింది? నానే ఎల్లి సెప్పుకున్నాననీసినారు. అప్ప అమ్ముడుపోనాది. లోపల్లోపల బేరం ఆడేసినాది. పిల్లలు కూడా అంతన్నారు.”

కొడుకు కూడా వచ్చేశాడట. తనకి చెప్పకుండా కంపెనీవాడికి చెప్తావా అని తల్లితో మాట్లాడటం మానేశాడట.

నేను కంప్యూటరు ఆన్ చేశాను. స్క్రీను వెలిగేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. “ఎవరి మీద కంప్లయింటు అప్పా?”

“ఆస్పత్రిలో రక్తం తీసే సిస్టరమ్మ ఉంది. నవ్వుతా మాట్లాడతాది. రిపోర్టు నా సేతికిచ్చింది అదే. దానికి తప్ప ఇంకెవులికి తెలుసు? అదే అమ్మీసినాది. దాని ఉజ్జోగం తీయించాల.”

నేను టైపు చేశాను. ‘గౌరవనీయులైన’ దగ్గర మొదలుపెట్టి, ఆ సిస్టరు తన వైద్య సమాచారాన్ని బయటివారికి అందించిందనీ, తగిన చర్య తీసుకోవాలనీ, కింద వేలిముద్ర అనీ. ప్రతి ముక్కా చదివించుకుంది. ఎప్పటిలాగే మాటలు మార్పించింది. నేను మార్చాను. ఆ మాటలన్నీ నా గురించే. ఆ సిస్టరు ఎవరో నాకు తెలియదు. తెల్ల బట్టల్లో, నవ్వుతూ మాట్లాడే ఆడమనిషి. అంతే తెలుసు. ప్రింటు తీసి ఇచ్చాను. కాగితం మడుచుకుని, “ఈ వారంలో ఎల్లి ఇచ్చీత్తాను. ఒంట్లో ఓపిక రానీ” అని వెళ్లింది.

ఆ రోజు నుంచి ఆదివారం దాకా నేను ఎలా ఉన్నానో చెప్పడం కష్టం. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎందుకు లేచానో తెలిసేది కాదు. ఎవరి కాగితమో తలకిందులుగా పెట్టి తీశాను, ఇంకెవరి పాస్‌పుస్తకమో వేరేవాళ్లకిచ్చి పంపేశాను. ఆయన వచ్చినప్పుడు ఫైలు ఖాళీగా ఉంది. “ఈ వారం ఏమీ లేవా?” అన్నాడు. లేవన్నాను. అడుగుదామనుకుని, మిషను మూత తుడుస్తూ ఉండిపోయాను. ఆయన పేపరు చదువుకుని వెళ్లాడు. ఆ పేపరు చప్పుడు కూడా భరించలేకపోయాను. జ్వరం చూస్తానని నుదురు ముట్టుకున్న చెయ్యి కంపెనీవాడి చేతిలో ఎలా ఉంది? పోలీసు కాగితం పోలీసు దగ్గరే ఉండాలి కదా. ఈ పదిహేను రోజుల్లో అది ఎన్ని బల్లల మీద పడుకుని లేచిందో.

మేం బాప్టిస్టు సంఘం వాళ్లం. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళ ఒకటి ఉంటుంది. లేచి నిలబడి, ఆ వారం తమ జీవితంలో జరిగింది చెప్పి కూర్చుంటారు. ఎవరికో జ్వరం తగ్గిందని, ఎవరి కూతురికో కాన్పు సుఖంగా అయిందని. ఆ ఆదివారం ఒకామె లేచి, తన మీద ఎవరో వేసిన నింద తొలగిపోయిందని ఏడుస్తూ చెప్పింది. ఆమె సంగతికీ నాకూ ఏ సంబంధమూ లేదు. కానీ నేను అక్కడ కూర్చోలేకపోయాను. బైబిలు మా ఆయన ఒళ్లో పెట్టి, బయటికొచ్చి, నౌపడా వెళ్లే ఆటో ఎక్కేశాను.

నౌపడాలో దిగి, ఉప్పు కొటార్ల పక్కనుంచి ఇంకో ఆటోలో వెళ్లాలి. ఎండకి ఆ తెల్లటి మళ్లు చూడలేక కొంగు కప్పుకున్నాను. దారిపొడుగునా ఏం చెప్పాలో కూర్చుకున్నాను. ముందు ఆయన రేకు కాపాడిన సంగతి చెప్పాలి, నన్ను ఎలా మెత్తగా లోపలికి లాగాడో చెప్పాలి, అప్పుడు అసలు సంగతి. ఆటో దిగేసరికి అదంతా పోయింది.

అప్ప ఇంటి ముందు పరదా గుడ్డ మీద నెత్తళ్ల చేపలు ఎండబోస్తూ ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోయింది. “సెల్లీ? ఇంత దూరమొచ్చినావేటి? కాయితంలో ఏటైనా తప్పు పోయిందా?”

“సిస్టరు కాదప్పా. నేను.”

ఆమెకి అర్థం కాలేదు. నిలబడే చెప్పాను. ఒక కాపీ ఎక్కువ తీశానని, ఎవరికిచ్చానో, ఎన్నాళ్లుగా ఇస్తున్నానో. రేకు సంగతి చెప్పనే లేదు. చెప్పినంతసేపూ ఆమె చేపలు పరుస్తూనే ఉంది. ఒక్కొక్కటీ విడదీసి, సర్ది, పక్కన పెడుతూ. చివరికి చేతులు దులుపుకుంది.

“ఎవులికీ సెప్పకు అన్నాను గదా.”

“అన్నావు.”

“అన్నాక కూడా ఇచ్చినావు.”

“ఇచ్చాను.”

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే తేలిగ్గా ఉండేది. గుడ్డ అంచు మీద రాయి సర్ది, నా వైపు చూసింది. “నాకు సెప్పినావు. నాకెందుకు? నాను దొంగని కాదని నాకు తెలుసు. ఆ పాక కింద సెప్పగలవా, నలుగుర్లో?”

వెనక్కి వెళ్లిపోదామనిపించింది, దాచను. ఆటో ఇంకా అక్కడే ఉంది. కానీ ఆమె నా జవాబు కోసం చూడకుండానే నడవడం మొదలుపెట్టింది. ఆ వాచిన పాదాలతో ఇసకలో నడుస్తుంటే వెనక నేనూ నడిచాను.

ఆదివారం కాబట్టి పాక కింద జనం ఉన్నారు. ఆమె ఒక్క మాటే అంది: “ఈమె జెరాక్సు సెల్లి. ఏటో సెప్తాదట, ఇనండి.” చెప్పాను. మధ్యలో తడబడితే మళ్లీ మొదట్నుంచి చెప్పాను. తర్వాత ఒక ముసలామె నా కాళ్ల ముందు ఉమ్మింది. ఒక నడివయసు మనిషి లేచి, “మా తోట కాయితాలు నీకాడే తీయించినాను. అయ్యి కూడా ఇచ్చీసినావా?” అని అడిగాడు.

ఇచ్చానన్నాను.

ఇక ఒకరి తర్వాత ఒకరు. నావి? మా అన్నవి? నా ఆధారు? నేను గుర్తున్నంత వరకూ చెప్పాను. గుర్తులేనివి గుర్తులేదని చెప్పాను. గుర్తులేదన్నప్పుడే వాళ్లకి ఎక్కువ కోపం వచ్చింది. మా ఇంటి కాగితం ఎవరికిచ్చిందో కూడా జ్ఞాపకం లేదట అని ఒకమ్మాయి ఏడ్చేసింది. ఎంతసేపైందో తెలియదు. అప్ప కొడుకు పాక చివర నిలబడి అంతా విన్నాడు. అందరూ అయ్యాక వచ్చి తల్లి చెయ్యి పట్టుకున్నాడు. ఆమె నడుము దగ్గర్నుంచి తీసిన ఆ కంప్లయింటు కాగితం అందుకుని ముక్కలు చేశాడు.

నేను వెళ్తుంటే అప్ప వెనకాలే కొంత దూరం వచ్చింది. “ఆటో దొరకదు తర్వాత. ఎల్లు” అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

ఆ వార్త నాకంటే ముందే టెక్కలిలో ఆయనకి చేరినట్టుంది. మర్నాడు పొద్దున్నే వచ్చాడు. బల్ల మీద కూర్చోలేదు.

“ఎందుకు చెల్లెమ్మా అలా చేశావు? నీ పేరు నేను ఎక్కడా రాయలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా. ‘నమ్మకమైన వర్గాల ద్వారా తెలిసింది’ అని రాసేవాణ్ని. అంతే.”

నన్ను అలా రాసేవాడని నాకప్పుడే తెలిసింది. నమ్మకమైన వర్గం. ఎవరి నమ్మకం?

“ఆమె రిపోర్టు కంపెనీవాడి దగ్గరికి ఎలా వెళ్లింది?” అన్నాను.

ఆయన సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. రోడ్డు వైపు చూశాడు. “నేను పైకి పంపిస్తాను. పైనుంచి ఎటు పోతుందో నాకు చెప్పరు. చెప్పాలన్న రూలు కూడా లేదు.”

“మీరు వేగు కాదన్నారు కదా. శత్రువు ఇంట్లో దూరేవాడే వేగు అన్నారు. ఆమె శత్రువా?”

“కాదు.” వెంటనే అన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడని ఇప్పటికీ అనుకుంటాను. “నేను రాసినప్పుడు కాదు. కాగితం చేతులు మారితే... నాకూ ఇద్దరు ఆడపిల్లలున్నారు చెల్లెమ్మా. ఉద్యోగం ఇది.” సంచి భుజాన వేసుకుని, మెట్టు దిగి, మళ్లీ తిరిగాడు. “ఇప్పుడు నీ గురించి కూడా ఒక ముక్క రాయాల్సి వస్తుంది. అడుగుతారు. ఏం రాయమంటావు?”

బెదిరిస్తున్నాడో, నిజంగా అడుగుతున్నాడో తేల్చుకోలేకపోయాను. “జరిగిందే రాయండి” అన్నాను. ఆయన తల ఊపి వెళ్లాడు. మళ్లీ షాపుకి రాలేదు. తర్వాత ఇచ్ఛాపురం వైపు బదిలీ అయిపోయాడని ఎవరో అన్నారు.

వారం తిరక్కుండానే నా ముందు రేకు పీకేశారు. పాత గీత ఇంకా చెరగలేదు, కొలవాల్సిన పని కూడా లేకపోయింది. ఫ్యాన్సీ షాపు ఆవిడ ఏమీ అనలేదు, ఆ ఎండలో నిలబడి నాకు సామాన్లు లోపల పెట్టడంలో సాయం చేసింది. తీరం నుంచి వచ్చేవాళ్లు వీధి చివర వేరే షాపుకి వెళ్లడం మొదలుపెట్టారు. వాళ్లు నా ముందు నుంచే నడిచి వెళ్తారు. మా ఆయన ఒక్కసారి మాత్రం, “నానప్పుడే సెప్పినాను” అన్నాడు. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. కానీ చాలా రోజులపాటు, ఇంట్లో ఏదైనా కాగితం కనబడకపోతే నా వైపు చూసేవాడు. చూసి, తనే సిగ్గుపడేవాడు.

పల్లెలో అప్పని మళ్లీ ముందు కూర్చోమన్నారట. ఆమె తన వల్ల కాదని, ఇంకో పడుచు ఆమెను కూర్చోబెట్టి తాను పక్కన కూర్చుంటోందట. కొలతల మనుషులు ఒకటి రెండుసార్లు వచ్చి వెళ్లారు. పని ఆగిందని కొందరు, వానలు పోయాక మొదలవుతుందని కొందరు. ఎవరికీ ఖాయంగా తెలియదు. ఆమెకి డయాలిసిస్ మొదలైంది. వారానికి రెండుసార్లు కొడుకుతో టెక్కలి వచ్చి, ఇక్కణ్ణుంచి పలాస బస్సు ఎక్కుతుంది. బస్సు ఆగే చోటు నా షాపు నుంచి కనబడుతుంది. ఆమె ఎన్నడూ ఇటు చూడలేదు. నేను చూస్తున్నానని ఆమెకి తెలుసు.

నాలో ఆ కుదురులేనితనం మాత్రం పోలేదు. ఎవరైనా కొత్త మనిషి బల్ల మీద కాస్త ఎక్కువసేపు కూర్చుంటే లోపల ఏదో లాగుతుంది. పేపరు చదువుతున్నాడా, వింటున్నాడా? ఎవరి కాగితమైనా చేతికొస్తే చదవకుండా ఉండాలని చూపు పక్కకి తిప్పుకుంటాను, అయినా కళ్లు చదివేస్తాయి. చదివింది నాలో ఉండిపోతుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియదు.

మొన్న ఎండాకాలంలో ఒక రోజు పలాస బస్సు బాగా ఆలస్యమైంది. అప్ప ఒక్కత్తే ఉంది, కొడుకు రాలేదు. ఎండలో నిలబడలేక స్తంభం పట్టుకుంది. నేను ఒక కుర్చీ తీసుకుని రోడ్డు దాటాను. వద్దంటుందేమో అనుకున్నాను. కూర్చుంది.

నేను పక్కన నిలబడ్డాను. తర్వాత ఆమే అడిగింది.

“ఆ పోలీసోడు ఇంకా వత్తన్నాడా?”

“లేదప్పా. బదిలీ అయిపోయాడట. కొత్తవాళ్లు వస్తున్నారేమో. ఎవరో నాకు తెలీదు.”

“నాకూ తెల్దు.” చీర కొంగుతో మెడ తుడుచుకుంది. “నువ్వు ఆ రోజు మా పాక కింద సెప్పినావు. నువ్వు టెక్కలొచ్చీసరికి ఆడికి తెలిసిపోనాదని అన్నారు. ఆదివారం సాయంత్రం మా పల్లెలోంచి టెక్కలికి ఎవులు మోసినారు ఆ మాట? ఆటో వోడు కాదు, ఆడు నిన్ను నౌపడాలో దించీసి ఊర్లోకి వచ్చీసినాడు. నాను అందరి మొకాలూ సూత్తన్నాను. నాతో ఇసకలో కూకున్నోల్లే. ఆల్ల ఇంట్లో తింతన్నాను, ఆల్లు నా ఇంట్లో తింతన్నారు.”

“ఎవరనుకుంటున్నావప్పా?”

“అనుకోను” అంది గట్టిగా. “అనుకుంటే రేపు ఒక్కదాన్నే కూకోవాల ఆ ఇసకలో.”

బస్సు వచ్చింది. లేవడానికి నా భుజం పట్టుకుంది. కండక్టరు తొందరపెడుతుంటే, “ఉండు బాబూ, వత్తన్నాను గదా” అని ఒక్కొక్క మెట్టే ఎక్కి, కిటికీ పక్కన సీటు వెతుక్కుని కూర్చుంది.